తెర చెరపనన్న మొండి

అంబులెన్సు కోసం జనం చేసే ఫోన్లు ఎత్తే హాల్లో, కంప్యూటర్లు చూసుకునే ఆమెని అందరూ మొండి అనేవారు. ఆ పేరు పెట్టింది కన్నతల్లే. చిన్నప్పుడు వద్దంటే వద్దనేదట, ఇంటిల్లిపాదీ నెత్తీ నోరూ కొట్టుకున్నా సరే. ఆ పేరు అత్తారింటికీ, అక్కణ్ణించి ఆఫీసుకీ నడిచొచ్చింది. ఆమె కాదనలేదు.

హాల్లో బల్లల మీద ఉన్నవి ఉత్త తెరలు. అసలు పనంతా పై అంతస్తులోని సర్వర్‌ది. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చున్నా, పాస్‌వర్డ్ కొట్టగానే వాళ్ళు అలవాటు పడ్డ తెర అక్కడికి రావాలి. దాన్నే ప్రొఫైల్ అంటారు.

అందరూ వదినా అని పిలిచే పెద్దావిడ ఒకామె అక్కడ ఫోన్లు ఎత్తేది. చూపు మందగించినా, వెక్కివెక్కి ఏడ్చేవాళ్ళ చేత కూడా చిరునామా చెప్పించేది. ఆవిడ తెర నల్లగా, దాని మీద పచ్చటి అక్షరాలు, ఒక్కోటీ బొటనవేలంత.

రానురాను తెరలు రావడం నత్తనడకైంది. డ్యూటీ మారేవేళ ఫోన్లు మోగుతుంటే, వచ్చినవాళ్ళు చేతులు కట్టుకు కూర్చునేవారు. ఒక పొద్దున గుండెనొప్పి వచ్చిన ఒకాయన, ఫోన్ ఎవరూ ఎత్తక, పక్కింటివాళ్ళ బండిలో ఆసుపత్రికి చేరాడు. బతికాడు. కానీ ఆయన కూతురు హాలు గుమ్మంలో నిలబడి ఎందుకెత్తలేదని అందరినీ అడిగింది.

ఆఫీసరు వెంటనే ఆర్డరు వేశాడు. డ్యూటీ దిగగానే ప్రొఫైళ్ళన్నీ చెరిపెయ్యాలి, ఖాళీ తెరైతే చిటికెలో వస్తుందని.

మొండి చెరపనంది. "ఎలకలున్నాయని ఇల్లు తగలబెడతామా సార్? బరువెక్కడుందో చూసి తీసేస్తాను."

"మిషన్లు ఆఫీసువి, ఎవరి సోకులకోసమో కాదు," అన్నాడాయన.

"మిషన్లు ఆఫీసువే. కళ్ళు వదినవి."

బస్సు నడిపే మొగుడు ఆ సాయంత్రం, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఉద్యోగం ఊడుతుందని నచ్చజెప్పబోయాడు. నాలుగోది కనపడితే ఒప్పుకుంటాలే అంది.

మర్నాడు ఎవరి అనుమతీ లేకుండా పని మొదలెట్టింది. ప్రొఫైళ్ళ నిండా పెళ్ళి ఫోటోలూ, పాటలూ, ఇంటర్నెట్ వదిలిపోయిన చెత్తా. ఫోటోలూ పాటలూ వేరే చోట పెట్టి, తెరిచినప్పుడే వచ్చేలా చేసింది. చెత్త మోసుకు రావద్దని సర్వర్‌కి చెప్పింది. అక్షరాలూ రంగులూ మాత్రం మనిషి వెంట వచ్చేలా ఉంచింది.

మొదటిసారి బెడిసికొట్టింది. సగంమంది దాచుకున్న ఆసుపత్రుల నంబర్లు మాయమయ్యాయి. హాలంతా దుమ్మెత్తిపోసింది. తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకుని, పాత కాపీలోంచి నంబర్లు తెచ్చిపెట్టి, పని మళ్ళీ మొదట్నించీ చేసింది. ఈసారి కుదిరింది. వదిన కుర్చీ లాక్కునేసరికి పచ్చటి అక్షరాలు సిద్ధంగా ఉన్నాయి.

అయినా ఆఫీసరు, మాట విననందుకు క్షమాపణ చెప్పమన్నాడు.

"నంబర్లు పోగొట్టినందుకు హాలుకి చెప్పేశాను. చెరపనందుకు ఎవరికీ చెప్పను."

ఆమెని కింద స్టోర్లో హెడ్‌ఫోన్లు పంచే పనికి మార్చాడు. ఆర్డరు ఆర్డరేనని, ప్రొఫైళ్ళు చెరపడానికి వేరే మనిషిని పిలిపించాడు. ఆ రోజు డ్యూటీ అయినా ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. "దిగితేనే కదా నాయనా చెరిపేది, మేం దిగం," అని వదిన తర్వాతి ఫోన్ ఎత్తింది. వచ్చినతను వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ ఆర్డరు ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మొండి మాత్రం ఇంకా స్టోర్లోనే ఉంది. ఆఫీసరు అటు వెళ్ళినప్పుడల్లా, ఇంకా క్షమాపణ చెప్పవా అని అడుగుతాడు.

"చెప్పను సార్. హెడ్‌ఫోన్ ఏమన్నా కావాలా?" అంటుంది.