మందుకు ఎంత పెడతారు?

ఎమ్మే ఎకనామిక్స్ అయ్యాక ఉద్యోగం దొరక్క, కొన్నాళ్లు ఒక ఆరోగ్య సర్వేలో పనిచేశాను. విశాఖలో పొద్దున్నే మద్దిలపాలెంలో బస్సెక్కి వన్‌టౌన్ వెళ్లి, ఇంటింటికీ తిరిగి జవాబులు ట్యాబ్‌లో నింపాలి. చివరి ప్రశ్న దగ్గరే అందరూ తటపటాయించేవారు. వార్డు ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే బీపీ, షుగర్ మాత్రలకు డబ్బు కట్టాల్సివస్తే నెలకు ఎంతవరకు కట్టగలరు?

మసీదు వెనక సందులో ఒక దర్జీ ఉండేవాడు. అరవై దాటిన మనిషి. భార్యకు షుగర్. అంతవరకు మిషను తొక్కుతూనే జవాబులు చెప్పినవాడు, ఈ ప్రశ్న వినగానే కాలు ఆపాడు.

"ఇదేటి ప్రశ్నమ్మా?"

"ఆ మందుకు జనం ఎంత విలువ ఇస్తున్నారో తెలుసుకోడానికి బాబాయ్."

"నాను వంద అంటే రేపు వంద పెడతారు. ఏమీ ఇవ్వలేనంటే, ఈళ్లకి మందు అక్కర్లేదని రాసుకుంటారు. ఏటి సెప్పమంటావు?"

ఎంత కట్టగలరని అడిగి విలువ తెలుసుకునే ఇదే పద్ధతి గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. జవాబు చెప్పేవాళ్లు నిజం దాస్తారని రాశాను. అడిగేవాళ్లు ఏం దాస్తారో ఎప్పుడూ ఆలోచించలేదు.

లోపల్నుంచి ఆయన భార్య వచ్చి ట్యాబ్‌కేసి చూసింది.

"మా పేర్లు ఎక్కాయా అందులో?"

"పేర్లు ఎక్కవు పిన్నీ."

"ఇంటి నంబరు ఎక్కింది కదా."

ఎక్కింది. 'చెప్పడానికి ఇష్టపడలేదు' అని నొక్కి వచ్చేశాను.

సాయంత్రం సూపర్‌వైజర్ ఆ ఫారం వెనక్కి పంపాడు. అంకె లేని ఫారానికి నాకు డబ్బులు రావు.

"ఇంతకీ ఈ సర్వే ఎవరి కోసం సార్?" అని అడిగాను.

"పైనుంచి వచ్చింది. నువ్వు అంకె ఎయ్, సాలు."

మర్నాడు మళ్లీ వెళ్లాను. దర్జీ నన్ను కూర్చోమనలేదు.

"ఫారానికింతని ఇస్తారా నీకు?"

అవునన్నాను.

"అయితే నాను సెప్పకపోతే నీకు నచ్చిన అంకె ఏసేస్తావు."

దారిలో బస్సులో నాకూ ఆ ఆలోచన వచ్చింది. ఆయన ముందే నిలబడి, ఆయన అన్నదంతా 'ఇతర వివరాలు' గడిలో కొట్టి, చదివి వినిపించాను. ఆయన ఒక వాక్యం చేర్పించాడు: ఎందుకో చెబితే ఎంత కట్టగలనో చెబుతాను.

అంకె లేదని ఆ ఫారం మళ్లీ తిరిగొచ్చింది. నెలాఖరుకు నేనే మానేశాను.

కొన్ని నెలలయ్యాక అమ్మ జాకెట్లు ఇవ్వడానికి ఆ సందుకు వెళ్లాను. పిన్ని ఇంట్లో లేదు. మాత్రల కోసం ఆసుపత్రి లైనులో ఉందట.

"ఉచితంగానే ఇస్తన్నారు. ఇదివరకు నెలకి సరిపడా ఇచ్చేవోరు. ఇప్పుడు పదిహేను రోజులకే. స్టాకు లేదంట" అన్నాడు దర్జీ.

నెలకు రెండుసార్లు వెళ్లాలి. వెళ్లినప్పుడల్లా చీరలకు ఫాల్ కుట్టే ఆమె పని ఒక పూట పోతోంది.

ఆయన కత్తెర కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

"నువ్వడిగిన దానికీ దీనికీ ఏటైనా సంబంధం ఉందా?"

"లేదు బాబాయ్" అన్నాను. నిజానికి నాకు తెలియదు.

ఆయన నమ్మినట్టు కనిపించలేదు. జాకెట్ల గుడ్డ అందుకుని, ఎప్పటికి కావాలని మాత్రం అడిగాడు.