కొత్తకోట పెట్రోల్ పంపు రాజమ్మ

పోయిన వారం మా కోడలి స్కూటర్‌లో పైపు ఎక్కడో చిట్లి, తెల్లవారేసరికి వరండా అంతా పెట్రోల్ వాసన నిండిపోయింది. ఇంట్లో అందరూ ముక్కులు మూసుకుని కిటికీలు తెరిచారు. నేను మాత్రం కుర్చీ అక్కడికే జరుపుకుని కూర్చున్నాను. "తల నొస్తది మామయ్యా, లోపలికి రాండ్రి" అని కోడలు రెండుసార్లు పిలిచింది. నాకు లేవబుద్ధి కాలేదు. ఆ వాసన వెంటే నా ఇరవయ్యో ఏడూ, కొత్తకోట రోడ్డూ, చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా తొడుక్కున్న రాజమ్మా వచ్చేశారు.

అప్పట్లో మా ఊళ్లో ఉన్నది ఒక్కటే పెట్రోల్ పంపు. హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే రోడ్డు మీద, చేత్తో పిడి తిప్పితే పెట్రోల్ పైకొచ్చే పాతకాలపు పంపు అది. రాజమ్మ భర్త దాన్ని పెట్టిన మూడేళ్లకే జ్వరంతో పోయాడు. అమ్మేసి పుట్టింటికి పొమ్మని చుట్టాలందరూ చెప్పారట. ఆమె దినాలు అయిపోయిన మర్నాడే భర్త ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుని వచ్చి పిడి పట్టుకుంది. లారీ డ్రైవర్లు మొదట నవ్వారు, తర్వాత అక్కా అన్నారు. నేను పెద్దమ్మా అనేవాణ్ని. చుట్టరికం లేదు. మాది మగ్గాల ఇల్లు, వాళ్లది వ్యాపారం చేసే ఇల్లు. మా నాయిన నేసిన చీరలు మూటగట్టుకుని పంపు దగ్గర బస్సు కోసం నిలబడితే, ఆమె బల్ల చూపించి కూర్చోమనేది. ఆమెతో మా పరిచయం అంతవరకే.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కోసం ఊళ్లన్నీ లేచాయి. పాలమూరు కాలేజీ మూతపడితే నేను ఊరికొచ్చాను. ఇక్కడా బందులే. రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, కాలిన టైర్లు. పెట్రోల్ తెచ్చే ట్యాంకర్ రావడం మానేసి మూడు వారాలయింది. నా దోస్తు యాదగిరి, నేను, ఇంకో పదిమందిమి కలిసి ఒకరోజు పొద్దున పంపు మూయించడానికి వెళ్లాం. గొంతులు చించుకుని నినాదాలిచ్చాం. రాజమ్మ బల్ల మీద కూర్చుని చేటలో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మేము అలిసిపోయేదాకా ఆగి లేచి వచ్చి, పంపు పిడికి వేసిన తాళం చాబి తీసి నా చేతిలో పెట్టింది.

"బందు చెయ్యమంటున్నరు గదా, చేస్త. గని లోపల ట్యాంకుల జర పెట్రోల్ మిగిలింది. మల్ల బండి ఎప్పుడొస్తదో తెల్వదు. ఎవరికి పొయ్యాలె, ఎవరికి పొయ్యొద్దు, గది నువ్వే జెప్పు" అంది. "గీ బల్ల మీద కూసొని జెప్పాలె. ఇంట్ల కూసొని జెప్తె నడువది."

నాతో వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు ఛాతీ ఉబ్బింది. ఆ పూటనుంచే బల్ల మీద చేరాను. మొదట వచ్చినవాడు ఒక దొర. కారు దిగకుండానే చెయ్యి ఊపాడు. లేదు పొమ్మన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒక దొరకు లేదని చెప్పడం అదే మొదటిసారి. ఆ రోజంతా నేల మీద నడవలేదు నేను.

రెండోనాడు మిట్టమధ్యాహ్నం ఒకాయన ఫట్‌ఫటి మోటార్ సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో ఎర్రసిరా కలం. పంతులు అని చూస్తేనే తెలుస్తోంది. ఆయన నోరు తెరవకముందే "బందు సార్, పెట్రోల్ లేదు" అనేశాను. రాజమ్మ చెంబుతో నీళ్లిచ్చి, పక్కన నిలబడి ఏదో మాట్లాడింది. ఆయన నీళ్లు తాగి, బండి నెట్టుకుంటూ పెబ్బేరు దిక్కు వెళ్లిపోయాడు. అప్పుడు ఆమె నా దగ్గరకొచ్చింది.

"ఆయన యాడికి పోతుండో ఎర్కేనా?"

"నాకెందుకు పెద్దమ్మా? అందరికీ ఒక్కటే మాట."

"కొడుకు కర్నూలు దవాఖానల ఉన్నడంట. అయిదేండ్ల పోరడు. జరమొచ్చి తెలివి తప్పిందంట. బస్సులు లేవని ఆయన నెట్టుకుంటనే పోతుండు."

నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. "మరి నువ్వన్న చెప్పొద్దా?" అన్నాను.

"చాబి నీ దగ్గరున్నది గదా బిడ్డా" అంది, అంతే.

డబ్బాలో నాలుగు లీటర్లు పట్టుకుని పరుగెత్తాను. వేసవి ఎండకు తారు మెత్తబడి చెప్పులు అంటుకుపోతున్నాయి. ఒక చెప్పు తెగితే రెండోదీ విడిచేశాను. రెండు మైళ్లు పోయాక, రోడ్డు కింది మోరీ నీడలో తల పట్టుకుని కూర్చుని కనిపించాడు ఆయన. తొందరగా పోయబోతే సగం లీటరు మట్టిలో పోయింది. "లేదన్నవు గద తమ్మీ" అన్నాడు ఆయన, నమ్మలేనట్టు. "అప్పుడు మిమ్ముల అడగలే సార్" అన్నాను. బండి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడి, కాలిన పాదాలతో తిరిగొచ్చాను. రాజమ్మ పాదాలకు రాసుకోమని గిన్నెలో వెన్న తెచ్చి నా పక్కన పెట్టి, మళ్లీ బియ్యం దగ్గరకు వెళ్లింది. నెల తర్వాత పంపు పేరుతో ఒక కార్డు వచ్చింది. పిల్లవాడు లేచి తిరుగుతున్నాడని రాశాడు ఆయన, ఎర్రసిరాతోనే.

ఆనాటినుంచి వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, ఏమైందని అడగడం మొదలుపెట్టాను. అడగడం మొదలుపెట్టాక పని కష్టమైంది. అందరికీ అవసరమే. ఒకరికి పోస్తే ఇంకొకరికి ఉండదు. ఇదంతా నావల్ల కాదు, చాబి తీసుకో పెద్దమ్మా అని ఒకసారి ఏడ్చినంత పనిచేశాను. "అన్నం తిను ముందు" అందే తప్ప చాబి తీసుకోలేదు.

ఆరోనాడు యాదగిరి ఖాళీ డబ్బాతో వచ్చాడు. వెనక నలుగురు.

"అయిదు లీటర్లు పొయ్యి."

"ఏం పనికి?"

"నన్నే అడుగుతున్నవా? స్టాండుల బస్సు నిలవడ్డది. గది తగలవెడ్తె సర్కారుకు తెలుస్తది."

రాజమ్మ వైపు చూశాను. ఆమె తల ఎత్తలేదు. యాదగిరి వైపే తిరిగి చెప్పాను. "గా బస్సుల మా నాయిన చీరల మూట పోతది. మీ అక్క అత్తగారింటికి గండ్లనే పోతది. నేను పొయ్యను యాదగిరీ."

చెంప మీద ఒక్కటి కొట్టాడు. చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్లం. నేను తిరిగి కొట్టలేదు, చాబీ ఇవ్వలేదు. ఉమ్మేసి వెళ్లిపోయాడు.

ఆ మర్నాడే మదనాపురం దిక్కునుంచి ఒక టాక్సీ వచ్చి పంపు ముందు ఆగిపోయింది. వెనక సీట్లో నిండు గర్భిణి. బిడ్డ అడ్డం తిరిగిందట, పాలమూరు దవాఖానకు తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పిందట. పంపు అడుగంటింది. రాజమ్మా నేనూ వంతులవారీగా పిడి తిప్పితే ఆరు లీటర్లు వచ్చాయి, ఆ తర్వాత గాలే. పెట్రోల్ దొరికింది గానీ దారి ఎలా? దేవరకద్ర దాకా ప్రతి మలుపులో రాళ్లే. నేను యాదగిరి ఇంటికి పరుగెత్తాను. నన్ను చూసి తలుపు వేయబోయాడు. సంగతి చెప్పాను. రెండు క్షణాలు నా వాచిన చెంప వైపు చూసి, చొక్కా కూడా వేసుకోకుండా బనీను మీదే వచ్చి కారు ముందు సీట్లో కూర్చున్నాడు.

అడ్డం వచ్చిన ప్రతి చోటా దిగి, తాను పెట్టించిన రాళ్లను తానే దొర్లించాడట. సాయంత్రం ఎవరిదో సైకిల్ మీద తిరిగొచ్చి, దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో "ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు" అన్నాడు. తర్వాత నా పక్కనే బల్ల మీద కూలబడ్డాడు. రాజమ్మ ఇద్దరికీ ఒకే పళ్లెంలో జొన్నరొట్టె పెట్టింది. ఆ బస్సు జోలికి మళ్లీ ఎవరూ పోలేదు.

నేను తర్వాత రెవెన్యూ ఉద్యోగంలో చేరి తహసీల్దారుగా దిగిపోయాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో స్వీట్లు తీసుకుని రాజమ్మ దగ్గరకు వెళ్లాను. చాలా ఏళ్లుగా మనసులో దాచుకున్న ప్రశ్న అప్పుడు అడిగాను. "పెద్దమ్మా, ఆ దినం అంతమందిల నాకే ఎందుకిచ్చినవ్ చాబి? నాల ఏం జూసినవ్?" నాలో ఏదో చూసిందని నా నమ్మకం. ఆ మాట ఆమె నోట వినాలని నా ఆశ.

రాజమ్మ గట్టిగా నవ్వింది. "చూసేదేముంది బిడ్డా? ఎండ మండుతుండె. నువ్వు దగ్గర నిలవడ్డవ్."

ఇంటికి వెళ్లేదాకా కొంచెం చిన్నబుచ్చుకున్నాను. కానీ ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ జవాబే నాకు ఎక్కువగా పనికొచ్చింది. కరువు రోజుల్లో గ్రాసం పంచాల్సి వచ్చినా, నీళ్ల ట్యాంకర్ ఏ వాడకు ముందు పోవాలో తేల్చాల్సి వచ్చినా, మంచివాడు ఎవరా అని నేను వెతకలేదు. నా బల్లకు అందరికంటే దగ్గరగా వచ్చి గట్టిగా అరుస్తున్నవాణ్ని పిలిచి, పక్కన కుర్చీ వేయించి, ఆ పని వాడికే అప్పజెప్పాను. ఒకరిద్దరు మోసం చేశారు. మిగిలినవాళ్లు సాయంత్రానికల్లా గొంతు తగ్గించి, ఎదుటి మనిషిని "ఏమైంది, కూసో" అనడం నేర్చుకున్నారు.