మట్టి పిన్ని ముక్కు

ఆ నర్సరీలో కుండీ మట్టి కలిపేది మట్టి పిన్ని. ఇంట్లో పెంచే మొక్కలకు నీరు నిలవకుండా గరుకుగా కలుపుతుంది. నారుకైతే కొబ్బరి పొట్టు, ఇసుక, బాగా మాగిన ఎరువు జల్లించి పోస్తుంది. ఎరువు మాగిందో లేదో ఆమె కంటితో చూసేది కాదు. గుప్పెడు తీసి వాసన చూసి తేల్చేసేది. ముప్పై ఏళ్లుగా ఆ మాటకు తిరుగు లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు.

అలాంటి ముక్కు రెండు నెలల కిందట ఒక జ్వరంలో చచ్చుబడింది. నర్సరీ సొంత చెల్లెలిదే, పొమ్మనదు. అయినా వాసన తెలియని మట్టి పిన్ని ఎవరికి కావాలి? ఆ భయంతో నోరు విప్పలేదు. గుప్పెడు తీయడం, కళ్లు మూసుకోవడం, తలాడించడం మాత్రం మానలేదు.

నటన బాగానే కుదిరింది. నారుకే నటించడం రాలేదు. నలభై ట్రేల టమాటా మొలకలు వారానికే మెడలు సన్నబడి వాలిపోయాయి.

"విత్తనాలాయన మనకి టోపీ పెట్టాడక్కా" అంది చెల్లెలు, చెప్పుల్లో కాళ్లు పెడుతూ. "ఇవాళ ఆయన కొట్టు ముందే నిలబెట్టి కడిగేస్తాను."

ఆ మనిషి ఏనాడూ ఒక్క పుచ్చు గింజ కూడా ఇవ్వలేదు. ఊరుకుంటే పిన్ని పరువు దక్కుతుంది, అతనిది పోతుంది. చెల్లెలు గేటు దాకా వెళ్లిపోయింది.

"ఆగవే! తప్పు నాది. ఎరువు మాగలేదు. నాకు వాసన తెలియడం లేదు."

"ఎప్పట్నుంచి?"

"జ్వరం తగ్గినప్పట్నుంచి."

"మరి మొన్న నేను మాడబెట్టిన కూర, బాగుందని మళ్లీ వడ్డించుకున్నావు?"

"ఎలా ఉందని నువ్వు అడిగావు కదే."

చెల్లెలికి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. అక్క రెండు నెలలుగా రుచీ పచీ తెలియకుండా తింటుంటే, పక్కనే కూర్చుని తిన్న తను గమనించనే లేదు. చెప్పులు విడిచేసి, ఎరువు గుట్టల దగ్గరికెళ్లి గుప్పెడు తీసి వాసన చూసింది.

"ఎలా ఉంది?" అంది పిన్ని.

"ఏదో పుల్లగా. తడి గోనె మూట విప్పినట్టు."

"పచ్చిది. పక్కన పెట్టు."

అలా గుట్ట తర్వాత గుట్ట చూసుకుంటూ చివరి దాని దగ్గరికొచ్చారు. చెల్లెలు చాలాసేపు వాసన చూసింది.

"ఒట్టి మట్టి వాసన, అంతే. మాగినట్టేనా అక్కా?"

ఆ ప్రశ్నకు ఏనాడూ తడుముకోని మనిషి గుప్పెడు తీయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇక చెప్పాల్సింది నువ్వే" అంది. "చెప్పు."