ఎర్ర సాసులో తాల్కలు

మా అమ్మాయి ఫోన్లో పంపిన ఫోటో చూసి మొదట నాకు కోపమే వచ్చింది. గిన్నెలో ఎర్రటి గ్రేవీ, అందులో వేలంత లావున్న తెల్లటి ముక్కలు, పైన కరిగిన చీజు. కింద "నాన్నా, ఇది తింటే పానం లేచొస్తది" అని రాసింది. హైదరాబాదులో ఎక్కడో స్నేహితురాళ్లతో తిన్నదట. కొరియా వాళ్ల బియ్యప్పిండి ముక్కల్ని ఇటలీ వాళ్ల టమాటా మీగడ సాసులో ఉడికిస్తారని, పేరు రోజే తొక్‌బొక్కి అని వివరం కూడా చెప్పింది. రెండు దేశాలు కలిస్తే గానీ ఈ పిల్లకు ముద్ద దిగదా అని గొణుక్కున్నాను. గొణుక్కుంటూనే ఆ ఫోటో దాచుకున్నాను.

తను వాళ్లమ్మతో హైదరాబాదులో ఉంటుంది, ఇంటర్ చదువుతోంది. నేను జహీరాబాద్‌లో ఒక ఇంటి మేడ మీది రెండు గదుల్లో ఉంటూ ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి పోయి వస్తుంటాను. మేము విడిపోయి మూడేళ్లయింది. కారణం నేనే. కోర్టులో ఈ మాట ఒప్పుకోలేదు, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్నదల్లా కోపం. సూపర్‌వైజర్ మీద చూపించలేనిదంతా ఇంటికొచ్చి కంచం ముందు చూపించేవాణ్ణి. పప్పు పలచనైతే అరుపు, అన్నం మెత్తనైతే అరుపు. రెండు మూడుసార్లు కంచం గోడకు కూడా తగిలింది. అప్పుడు పిల్ల పుస్తకాలు సర్దుకుని పక్క గదిలోకి వెళ్లిపోయేది.

ఇప్పుడు నెలకోసారి ఆదివారం వస్తుంది. పొద్దున బస్సు దిగి సాయంత్రం బస్సెక్కుతుంది. వచ్చినప్పుడల్లా హోటల్‌కు తీసుకుపోయి బిర్యానీ తినిపించేవాణ్ణి. ఎప్పుడూ మళ్లీ వచ్చే ఆదివారం ఏదో చెప్పి వెళ్లేది. పోయినసారి నేనే అడిగితే, "చూస్త నాన్నా, క్లాసులున్నయ్" అంది. ఆ 'చూస్త' నన్ను నిలవనీయలేదు. ఇట్లాగే మెల్లమెల్లగా రావడం మానేస్తుందని భయం పట్టుకుంది. ఇంట్లో కూర్చోబెట్టి, తనకిష్టమైంది నా చేత్తో వండి పెడితే మనసు మారుతుందేమో అనుకున్నాను.

టీ, కోడిగుడ్డట్టు దాటి నాకు వంట రాదు. కొరియా వాళ్ల కారం ముద్ద ఒక చిన్న డబ్బా ఆన్‌లైన్లో తెప్పించాను. మొదటి షిఫ్టు అయ్యాక రోజూ సాయంత్రం ఫోన్‌ని గోధుమపిండి డబ్బాకు ఆనించి, వీడియో చూస్తూ మొదలుపెట్టేవాణ్ణి. వేడినీళ్లు పోసి బియ్యప్పిండి కలపడం దాకా బాగానే వచ్చింది. ముక్కలు చేయడం దగ్గర నా చేతులే నాకు అడ్డం తగిలాయి. చిన్నప్పుడు మా అమ్మ తాల్కల పాశం వండే రోజు నన్ను పీట ముందు కూర్చోబెట్టి పిండి నలిపించేది. బెల్లంలో ఉడికే ఆ తాల్కలు ఎంత సన్నగా చేస్తే అంత మెచ్చుకునేది. ఆమె నాకు నేర్పిన వంటపని అదొక్కటే. యాభై ఏళ్లు వచ్చినా నా అరచేతుల్లో పిండి పడితే సన్నగానే సాగుతోంది. అవి ఆ ఎర్ర సాసులో పడగానే కరిగి జావైపోయాయి. మూడు రోజులు జావే తాగాను. నాలుగో రోజు చెయ్యిని తిట్టుకుంటూ లావుగా చేస్తే, లోపల పచ్చిపిండి తగిలింది.

పాడైనవన్నీ నేనే తినేవాణ్ణి. గిన్నె పట్టుకుని మేడ మీద నిలబడితే దూరంగా బొంబాయి రోడ్డు మీద చెరుకు లారీలు పోతూ కనిపించేవి. ఉప్పు కారం సరిపోయాయా అని అడగడానికి ఇంట్లో ఇంకో మనిషి లేకపోవడం ఎంత పెద్ద లోటో ఆ సాయంత్రాల్లోనే తెలిసింది. ఆ ఇంకో మనిషిని పోగొట్టుకుంది నేనే కాబట్టి ఎవరికీ చెప్పుకోలేను.

కింద ఉండే ఇంటి ఓనరు బీదర్ వైపు నుంచి వచ్చిన పెద్దావిడ. ఒకరోజు మెట్ల సగం దాకా ఎక్కి, "తమ్మీ, దినాం గీ ఎర్రగ ఏం ఉడకవెడ్తున్నవ్? పానం గిట్ల మంచిగలేదా?" అంది.

"బిడ్డ వస్తదక్కా. దానికోసం నేర్చుకుంటున్న."

"అట్లనా! మరి జర అల్లం దంచి ఎయ్యి. గది లేకుంటే ఏం రుచి?"

వేశాను. నిజంగానే బాగుంది. చివరికి తను ఫోన్ చేసి వస్తానన్న ఆదివారానికి ముందురోజు చూసుకుంటే, కారం ముద్ద డబ్బా అడుగంటింది. ముక్కలు కుదిరేదాకా నేర్చుకోవడానికే అంతా అయిపోయింది. బజారంతా తిరిగినా అలాంటిది దొరకలేదు. కిందావిడే గుప్పెడు బ్యాడిగి మిరపకాయలు తెచ్చిచ్చింది. "మా దిక్కువి. రంగెక్కువ, కారం తక్కువ" అంది. వాటిని నానబెట్టి, బెల్లం, అల్లం వేసి రుబ్బాను. అచ్చం డబ్బాలోని రంగే వచ్చింది. ఆ రోజు నా అంత సంతోషంగా ఉన్నవాడు జహీరాబాద్‌లో ఇంకొకడు లేడు.

ఆదివారం తను వచ్చింది. గిన్నె చూసి, "నువ్వు చేసినవా నాన్నా?" అని కళ్లు పెద్దవి చేసి ఫోటో తీసుకుంది. నేను వడ్డించి, ఎదురుగా కూర్చుని, తను తింటుంటే చూశాను. "సూపరున్నయ్ నాన్నా" అంది. మధ్య మధ్యలో నీళ్లు తాగుతూ గబగబా సగం ఖాళీ చేసింది. నా కడుపు అప్పుడే నిండింది. తర్వాత నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను.

ఉప్పు లేదు. డబ్బాలోని ముద్దకు దాని ఉప్పు దానికి ఉండేది, అందుకే ఇన్నాళ్లూ నేను విడిగా వేయలేదు. అదే అలవాటు ప్రకారం ఆ రోజూ వేయలేదు, మొదట తనే తినాలని రుచి కూడా చూడలేదు. చీజులో ఉన్న కాస్త ఉప్పు పాలు, టమాటాల మధ్య ఎటు పోయిందో తెలియదు. నా తెలివితక్కువతనానికి నాకే ఒళ్లు మండి, "థూ!" అంటూ చెంచా కంచంలోకి విసిరాను.

చప్పుడు పెద్దగానే అయింది. తను నమలడం ఆపేసింది. భుజాలు దగ్గరికి ముడుచుకుంది.

"నాదే తప్పు నాన్నా" అంది. "ఫస్టే చెప్పేదుండె. గని మంచిగనే ఉంది, నిజంగ. ఉప్పు లేకున్నా మంచిగనే ఉంది." అంటూనే లేచి ఉప్పు డబ్బా వెతికి తెచ్చి, ముందు నా కంచంలో చల్లి, కలిపి, నా వైపు జరిపింది. వాళ్లమ్మ కూడా ఇలాగే చేసేది.

"నా మీద నాకే కోపం బిడ్డా. నీ మీద కాదు" అన్నాను.

"తెల్సు నాన్నా, తెల్సు" అంది వెంటనే. మళ్లీ నేను అడగకుండానే, "వచ్చే నెల రెండో ఆదివారం వస్త. పక్కా వస్త" అంది.

నేను ఇన్ని వారాలు వండింది ఆ మాట కోసమే. నన్ను చల్లబరచడానికి ఆ పిల్ల దాన్ని నా కంచం పక్కన పెట్టింది. తీసుకోవాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

"నీకు రాబుద్ది కాకుంటే రాకు బిడ్డా. నేనేమీ అనుకోను" అన్నాను చివరికి.

తను నా మొహంలోకి చూసింది. నిజంగానే అంటున్నానో లేదో తెలుసుకోవడానికి చాలాసేపు చూసింది. తర్వాత తల దించుకుని, మెల్లగా అంది.

"అయితే వచ్చే నెల రాను నాన్నా."

పొద్దున్నుంచి నన్ను చూసి భయపడకుండా అన్న మాట అదొక్కటే.