బీరువా వెనక నల్ల బూజు

పై వాటాలో పైపు పగిలి మా పడకగది గోడకు చెమ్మ దిగింది. పైపు బాగుచేయించారు కానీ, ఈ రోజు బీరువా జరిపితే వెనక గోడంతా నల్లగా బూజు పట్టి ఉంది. పాపకు దగ్గు ఎందుకు తగ్గడం లేదో అప్పుడు అర్థమైంది. ఇంటి ఓనర్‌ను పిలిచి చూపించాను.

"దీనికేముండాదమ్మా, రంగు కొట్టిస్తే పోతాది" అన్నాడు.

"గోడ గీకించి, ఆరినాక కొట్టించన్నా. బిడ్డకు ఆయాసం వస్తా ఉండాది."

"కష్టమైతే ఖాళీ చెయ్యండి. తిరుపతిలో బాడుగకొచ్చేవాళ్లకేం కరువు?"

ఆయన వెళ్లాక పాప పడకను హాల్లోకి మార్చి, ఆ గది తలుపు మూసేశాను. గోడలు ఆయనవి, దగ్గు మాది. పాప నిద్రలో కూడా దగ్గుతూనే ఉంది.

ఎండ పడే ఇల్లు ఎక్కడైనా ఖాళీగా ఉంటే చెప్పండి. చిన్నదైనా ఫర్వాలేదు.