అమ్మ ఒక్కత్తే ఉండాల్సిన పటం

అమ్మకి ఉన్న ఒకే ఒక్క ఫొటోలో నేను లేను. మా అప్ప, అదే మా అక్క, ఉంది. అమ్మ ఒళ్లో మహారాణిలా కూచుని, ఒక చెయ్యి అమ్మ మెడ చుట్టూ వేసి నవ్వుతోంది. నువ్వప్పటికి పుట్టలేదు కదమ్మా అని అందరూ నాకు సర్దిచెప్పేవారు. సరే, పుట్టాకైనా తియ్యొచ్చు కదా? అప్ప మీద ఆ కుళ్లు నాకు ఈ రోజుకీ పోలేదు.

సైన్యం గద్దెనెక్కిన ఏడాది, యాంగూన్ వీధుల్లో జనం నిరసనగా గిన్నెలు మోగిస్తున్న రోజుల్లో అమ్మ పోయింది. మేం ఉండేది మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, అప్ప లమ్మడా పేటలో. మామూలప్పుడు బస్సెక్కితే కాసేపే. అప్పుడు మాత్రం దారి పొడుగునా ఇసకబస్తాలు, తుపాకులు. అప్ప కడచూపుకి కూడా రాలేకపోయింది.

పెద్దకర్మకి పటం కట్టించాలి. దండ వేసే పటంలో బతికున్నవాళ్లు ఉండకూడదు. అంటే ఫొటోలోంచి అప్పని తీసెయ్యాలి. అబద్ధమెందుకు, నాకు లోలోపల సంబరంగానే ఉంది.

మా ఆయన జిరాక్సు పనికి కొన్న స్కానర్ మీద ఫొటో బోర్లా పెట్టాను. కంప్యూటర్లో మొహం పెద్దది చేస్తే గళ్లుగళ్లుగా విడిపోయింది. కాగితాలకి సరిపోయేలా అంగుళానికి నూట యాభై చుక్కల్లోనే ఉంది సెట్టింగు, ఆరువందలకి పెంచాను. ఈసారి ఒక పక్క మసక. పాత ఫొటో కదా, అంచు పైకి లేచింది. మూత మీద కందిపప్పు సంచి పెట్టాను. మసక పోయింది గానీ, అమ్మ ముక్కు మీదుగా నిలువునా ఆకుపచ్చ గీత!

అద్దం ఎంత తుడిచినా పోదే. ఎవరినైనా అడుగుదామంటే నెట్ కోసేశారు. అప్పని తీసేస్తున్నానని అమ్మే అడ్డుపడుతోందనిపించి ఒళ్లు మండింది. పోయాక కూడా పెద్దకూతురి పక్షమేనా?

కోపం కాస్త దిగాక తెల్లకాగితం పెట్టి చూశాను. అక్కడా అదే గీత. అయితే తప్పు ఫొటోది కాదు, అమ్మదీ కాదు. గీత మొదలయ్యే వైపు వంగి చూస్తే, అద్దం అంచున ఎర్రగా కుంకుమ రేణువు. దసరాకి మిషన్‌కి బొట్టు పెట్టింది నేనే, అదీ ధారాళంగా. పొడి దూదిపుల్లతో తీసేశాను. గీత పోయింది.

అమ్మ ముక్కుపుడక రాయితో సహా కనిపించింది. ఇక అప్పని కత్తిరించడమే. ఒళ్లో పిల్లని తీసేశాను గానీ, మెడ చుట్టూ ఉన్న ఆ చెయ్యి మాత్రం రాలేదు. దాన్ని కోస్తే అమ్మ మెడ కూడా పోతుంది. అప్పకి ఫోన్ చేశాను.

“అప్పా, పటంలోంచి నిన్ను తీసీసినాను గానీ నీ చెయ్యి రాదే. ఏటి సెయ్యమంటావు?”



“ఉంచీయే. నాను ఎలాగూ రాలేను. చెయ్యయినా ఉండనీ.”

“బతికున్నోల్లది ఉండకూడదు కదా?”

“అన్నీ నీకేనేటే? అమ్మ దగ్గర నువ్వే ఉన్నావు. నీళ్లూ నువ్వే పోసినావు. నాకేటి మిగిలినాది?”

అప్ప నా మీద కుళ్లుకుంటోంది! పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. జన్మంతా ఎదురుచూసిన ఆ మాట విన్నా నాకు హాయిగా అనిపించలేదు.

“ఆకర్న అమ్మ ఏటన్నాదే?” అని అడిగింది.

నన్నే పిలిచిందని అబద్ధం చెప్పుకోవచ్చు. ఆ గదిలో నేను తప్ప విన్నవాళ్లెవరూ లేరు.

“నీ పేరే పిలిచినాది అప్పా,” అన్నాను. “నాను నీళ్లు పడితే, నువ్వే వొచ్చీసినావనుకోని తాగినాది.”