లెక్కలక్క ఐదు సెకన్లు

రిఫరీ గురించి మాట్లాడమంటే చాలామంది ధర్మం దగ్గర మొదలుపెడతారు. పక్షపాతం ఉండదనీ, తామరాకు మీద నీటిబొట్టులాంటివాడనీ. అలా చెప్పేవాళ్ల నోట్లో ఈల పెట్టి, బాస్కెట్‌బాల్ కోర్టు గీత పక్కన రెండు నిమిషాలు నిలబెట్టాలి. అక్కడ కావలసింది ధర్మం కాదు, కాళ్లు. ఎక్కడ నిలబడాలి, ఎవర్ని చూడాలి, ఎంతదాకా లెక్కపెట్టాలి, ఇంతే పని. తప్పుచోట నిలబడ్డ ధర్మాత్ముడికి ఆటగాడి వీపు తప్ప ఏమీ కనబడదు.

లెక్కలక్క పందొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉంది. పగలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది, సాయంత్రాలు స్కూలు ఆటలకు ఈల వేస్తుంది. ఆ పేరు పిల్లలు పెట్టింది. స్కూలు ఆటల్లో ఉండే గడియారం ఒక్కటే. ఆట ఎంత మిగిలిందో చెప్పి ఊరుకుంటుంది. మిగతా గడియారాలన్నీ రిఫరీ చెయ్యే. బంతిని తమ సగంలోంచి అవతలి సగానికి దాటించడానికి పది సెకన్లు. గీత బయటనుంచి బంతి లోపలికి విసరడానికి ఐదు. రిఫరీ చెయ్యి ఛాతీ దగ్గర్నుంచి పక్కకు ఊగుతుంది, ఊపుకో సెకను. అందరికీ కనబడేలా ఊపాలి. లెక్కలక్క పైకి కూడా అంటుంది: ఒకటీ... రెండూ...

ఆ దీర్ఘాల్లోనే ఉంది అసలు సంగతి. బంతి పట్టుకుని వణికిపోయే ఆరో తరగతి పిల్ల ముందు ఆమె చెయ్యి మెల్లగా ఊగేది. "మూడూ" అని పిల్ల మొహం చూసేది, "నాలుగూ" అని ఇంకాస్త ఆగేది. ఒక స్కూల్లో మైకు పట్టుకుని "అమ్మ మనసున్న రిఫరీ" అని పొగిడారు కూడా. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరూ అవతలి జట్టు పిల్లల్ని అడగలేదు. వాళ్లు నిజంగానే ఐదు సెకన్లు చేతులు చాచి, ఎగిరి, దారులన్నీ మూసేశారు. బంతి వాళ్లకు రావాలి, రాలేదు. ఒకరి మీద చూపించే దయ ఎప్పుడూ ఇంకొకరి కంచంలోంచే తీసి పెట్టాలి. పొగిడేవాళ్లకు ఆ రెండో కంచం కనబడదు.

ఒక్కడు చూశాడు. పోయిన ఏడాది ఆమె పై గ్రేడు పరీక్షకు వెళ్లినప్పుడు వచ్చిన పరిశీలకుడు. బక్కపల్చటి మనిషి, మెడలో స్టాప్‌వాచి, మొహంలో ఏమీ లేదు. ఆట అయ్యాక కాగితం తిప్పి చూపించాడు.

"మీ ఐదు ఆరున్నర ఉందమ్మా."

"చిన్నపిల్లలతో అలవాటైపోయిందండీ. కొంచెం దయగా..."

"దయకి ఇందులో గడి లేదు," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అలా పరీక్ష తప్పింది. పై గ్రేడు లేకపోతే జీవితమంతా స్కూలు ఆటలే. క్లబ్బుల లీగులో ఈల వేయాలన్న ఆశ పందొమ్మిదేళ్ల నాటిది. ఇంకొక్క పరీక్షకు మాత్రమే వీలుంది. ఇంకో రెండు నెలల్లో ఆమెకు నలభై మూడు నిండుతాయి. నిండాక పరీక్షకు రానివ్వరు.

ఇల్లు కోర్టయిపోయింది. ముందు గదిలో చాప అంచు గీత, దిండు బంతి, బంతి విసిరేది అత్తగారు. ఫోన్లో స్టాప్‌వాచి పెట్టుకుని కోడలు చెయ్యి ఊపుతుంది.

"విసరనా?"

"విసరకండి అత్తయ్యా. ఐదు అయ్యేదాకా పట్టుకోండి."

"చేతులు పడిపోతున్నాయే."

"ఐదు సెకన్లకేనా!"

"నీ ఐదు కదమ్మా. ఈలోపు నేను స్నానం చేసి రావచ్చు."

మొదటివారం ఆరు, రెండోవారం ఐదున్నర. తర్వాత ఉల్టా అయింది: కంగారుపడితే నాలుగుకే చెయ్యి ఆగిపోతోంది. ఆసుపత్రిలోనూ అదే యావ. ఒకరోజు ఒక పెద్దాయన్ని ఎక్స్‌రే పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టి, "ఊపిరి బిగబట్టండి" అంది. బొమ్మ తీయడానికి క్షణం చాలు. ఈమె లోపల లెక్కలో పడి "వదలండి" అనడం మర్చిపోయింది. పాపం, ఆయన టమాటాలా ఎర్రబడి, చివరికి తనే వదిలేసి, "నేను ఈతకి రాలేదమ్మా, దగ్గుకి వచ్చాను" అన్నాడు.

నెల తిరిగేసరికి ఐదు ఐదుకొచ్చింది. పదిసార్లలో ఎనిమిదిసార్లు.

పరీక్ష ఆట క్లబ్బుల అమ్మాయిల లీగులో. మధ్యాహ్నం మూడింటికి, ఇనుప రేకుల కప్పున్న హాలు. ఈ స్థాయిలో కొలతలు వేరు. అవతలి సగానికి దాటడానికి పది కాదు, ఎనిమిది సెకన్లు. దానికి బుట్ట పైన ఎర్ర అంకెల గడియారం ఉంటుంది. ఇరవై నాలుగు నుంచి వెనక్కి నడుస్తుంది, పదహారుకు దిగేలోపు దాటాలి. రిఫరీలు స్కూల్లోలా ఇద్దరు కాదు, ముగ్గురు. బుట్ట కింద ఒకరు, లీడ్. దాడి చేసే జట్టు వెనకాల ఒకరు, ట్రెయిల్. ఎదురు పక్క గీత మీద ఒకరు, సెంటర్. బంతి అటూ ఇటూ మారినప్పుడల్లా ముగ్గురి పనులూ మారతాయి. ఎవరి చోటు వాళ్లు చూడాలి, ఎవరి లెక్క వాళ్లు లెక్కపెట్టాలి. ఇద్దరితో నడిచే ఆటలో అన్నీ తానై తిరిగినవాళ్లకు ఇక్కడ అన్నిటికంటే కష్టమైన పని, చూడకూడనిది చూడకుండా ఉండటం.

ముగ్గురిలో పెద్ద రిఫరీ ఒకాయన ఉన్నాడు, బట్టతల, ఇరవై ఏళ్ల లీగు అనుభవం. బూట్ల తాళ్లు కట్టుకుంటూ అన్నాడు: "అమ్మా, మీ వాటా మీరు తినండి. మా పళ్లెంలో చెయ్యి పెట్టకండి."

అప్పుడే ఒక పొట్టి అమ్మాయి పరుగున వచ్చింది. నీలం జట్టు, జడ బిగించి కట్టుకుంది. స్కూల్లో ఆరేళ్లు లెక్కలక్క ఈల కింద ఆడిన పిల్ల. అప్పట్లో అందరూ పిచ్చుక అనేవాళ్లు.

"అక్కా! ఇవాళ నువ్వా? అమ్మయ్య, బతికాం!" అని వెనక్కి తిరిగి తన జట్టు వైపు అరిచింది: "ఏయ్, మన లెక్కలక్కే!"

నా ఐదు మారిందే, అని చెప్పాలనిపించింది లెక్కలక్కకు. ఒక జట్టు అమ్మాయికి చెవిలో చెబితే రెండో జట్టుకు చేసిన ద్రోహం. ఇద్దరికీ చెబితే, ఇన్నాళ్లూ నేను తప్పు లెక్కపెట్టానని మైకులో ఒప్పుకున్నట్టు. తలూపి ఊరుకుంది. పోయినేటి పరిశీలకుడే టేబుల్ చివర కూర్చుని పెన్ను మూత తీశాడు.

ఆరో నిమిషంలో చేతులారా చేసుకుంది. ఎరుపు జట్టు బంతి తీసుకుని మెల్లగా వస్తోంది. లెక్కలక్క సెంటర్, ఎనిమిది సెకన్ల లెక్క ట్రెయిల్‌గా ఉన్న పెద్ద రిఫరీది, ఆయన బుట్ట పైన ఎర్ర అంకెలు చూసుకుంటున్నాడు. అయినా ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచి ఊగడం మొదలుపెట్టింది. ఒకటీ, రెండూ. అది చూసి బంతి పట్టుకున్న అమ్మాయి తడబడి, ఎనిమిది అయిపోతోందేమోనని అడ్డగోలుగా విసిరేసింది. బంతి బయటికి పోయింది.

"రిఫరీ ఎవరికి టాటా చెప్తోందిరా?" అన్నాడెవడో జనం కూర్చున్న మెట్ల మీదనుంచి. హాలంతా నవ్వింది.

పరిశీలకుడు ఏదో రాసుకున్నాడు.

విరామంలో పెద్ద రిఫరీ నీళ్లసీసా అందిస్తూ గొంతు తగ్గించి అన్నాడు: "అది నా లెక్క. నేనింకా బతికే ఉన్నానమ్మా."

"చెయ్యి లేచిపోయిందండీ."

"లేవనీకండి. ఇంకోసారి లేస్తే ఆయన రెండో గీత గీస్తాడు. రెండు గీతలంటే ఇంటికే."

రెండో సగమంతా ఆమె కుడిచెయ్యిని తొడకు అదిమిపెట్టుకునే పరుగెత్తింది. బంతి ఆమె వైపు వచ్చినప్పుడు కాళ్లు ముందే అక్కడుంటున్నాయి, అది బాగానే ఉంది. కానీ ఆట దగ్గరకొచ్చేసింది. ఎరుపు అరవై ఒకటి, నీలం అరవై. తొమ్మిది సెకన్లు మిగిలాయి. ఎరుపు అమ్మాయి చేతికి తగిలి బంతి పక్క గీత దాటింది. నీలానికి బంతి. టైమవుట్లు అయిపోయాయి. గీత ట్రెయిల్ వైపుది. ట్రెయిల్ లెక్కలక్క.

విసరడానికి వచ్చింది పిచ్చుక.

ఇక్కడొక విషయం తెలియాలి. బంతి గీత బయట ఉన్నంతసేపు హాల్లోని గడియారాలన్నీ ఆగిపోయి ఉంటాయి. లోపల ఎవరో ఒకరు బంతిని తాకాకే కదులుతాయి. అంటే ఆ ఐదు సెకన్లూ ఉండేది ఒక్కచోటే, రిఫరీ చేతిలో.

పోయినేడు పరీక్షలో ఇలాంటప్పుడే ఆమె పిల్ల పక్కనే, తోడుపెళ్లికూతుర్లా నిలబడిపోయింది. ఈసారి బంతి అందించి రెండడుగులు వెనక్కి, ఒకడుగు పక్కకు జరిగింది. గీత, విసిరే అమ్మాయి, ఎదుట చేతులు చాచిన ఎరుపు అమ్మాయి, మూడూ ఒకే చూపులోకి వచ్చాయి. చెయ్యి లేచింది.

ఒకటి. నీలం వాళ్లు పరుగులు మొదలుపెట్టారు. ఎరుపు వాళ్లు అంటుకుపోయారు.

రెండు. ఎడంవైపు ఒకమ్మాయి క్షణం ఖాళీగా దొరికింది. పిచ్చుక చూసింది, విసరలేదు. ఇంకా మంచిదాని కోసం చూస్తోంది. ఆ మొహంలో తొందర లేదు.

ఎందుకు లేదో లెక్కలక్కకు తెలుసు. ఆ పిల్ల తన ఐదుని నమ్ముకుని నిలబడింది. విసరవే తల్లీ.

మూడు. మెట్ల మీద ఎవరూ కూర్చుని లేరు. ఏ అరుపు ఎవరిదో తెలియడం లేదు. ఇక్కడే, సరిగ్గా ఇక్కడే, చెయ్యి బరువెక్కుతుంది. పందొమ్మిదేళ్లుగా ఇక్కడే ఆగింది. కొంచెం ఆగితే ఎవరికీ తెలియదు. టేబుల్ దగ్గరున్న ఆ ఒక్క మనిషికి తప్ప. ఆయనకు భయపడి తొందరపడితే నాలుగుకే ఊదేస్తుంది.

నాలుగు. బుట్ట వైపు నుంచి పొడుగమ్మాయి ఇద్దరి మధ్యనుంచి తప్పించుకుని బయటికొస్తోంది. పిచ్చుక ఎదురుచూసింది దానికే. చేతులు వెనక్కి తీసింది.

ఐదు.

ఈల పడింది. ఆ తర్వాత బంతి చేతుల్లోంచి వెళ్లింది. పొడుగమ్మాయి అందుకుని బుట్టలో వేసేసింది కూడా. నీలం జట్టు ఎగిరి గంతులేస్తోంది. లెక్కలక్క ఐదువేళ్లు చాచి పైకెత్తి, బంతి ఇక ఎరుపుదని చూపించింది.

"అక్కా!" పిచ్చుక గీత మీదే నిలబడిపోయింది. "అక్కా, ఇంకా ఉంది కదా!"

"ఏమ్మా, బస్సు టైమైందా?" అని మెట్ల మీదనుంచి కేకలు. నీళ్లసీసా ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆమె బూటుకు తగిలింది. ఎరుపు వాళ్లు బంతిని అటూ ఇటూ తిప్పి మిగిలిన తొమ్మిది సెకన్లు కరిగించేశారు. అరవై ఒకటి, అరవై.

స్కోరర్ల గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. బల్ల మీద లాప్‌టాప్, అందులో ఆట వీడియో. నీలం కోచ్ ఫిర్యాదు రాసిచ్చి వెళ్లాడు: రిఫరీ తొందరగా లెక్కపెట్టింది.

"మీరు స్టాప్‌వాచి నొక్కలేదా అండీ?" అంది లెక్కలక్క.

"లేదు. మీ కాళ్లు చూస్తున్నాను," అన్నాడు పరిశీలకుడు. "ఇప్పుడు కొలుద్దాం."

వీడియో నడిపాడు. ఈల దగ్గర ఆపాడు. వాచి చూశాడు. "నాలుగు పాయింట్ ఏడు."

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. అతి దయ పోయి అతి తొందర వచ్చిందా? ఆరున్నరనుంచి పారిపోయి గోతిలో పడ్డట్టేనా? పెద్ద రిఫరీ తెర మీదికి వంగాడు.

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టారు సార్?"

"ఆవిడ చెయ్యి మొదటి ఊపు మొదలైన దగ్గర్నుంచి."

"లెక్క చేతినుంచి కాదు కదా. బంతి పిల్లకు అందిన దగ్గర్నుంచి."

పరిశీలకుడు ఆయన వైపు చూశాడు. చెప్పింది నిజమే. వెనక్కి తిప్పాడు. ఒక్కో బొమ్మగా కదిలించాడు. లెక్కలక్క చేతుల్లో బంతి. పిచ్చుక వేళ్లు బంతి మీద. లెక్కలక్క చేతులు ఖాళీ. అక్కడ నొక్కాడు. ఫ్యాను తిరుగుతోంది. తెర మీద తన చెయ్యి ఊగుతుంటే లెక్కలక్క చూడలేక కళ్లు మూసుకుంది, చెవులు మాత్రం ఈల కోసం నిక్కబొడుచుకున్నాయి.

ఈల. క్లిక్.

"ఐదు పాయింట్ రెండు."

పరిశీలకుడు ఫిర్యాదు కాగితం మీద అడ్డగీత గీసి, తన కాగితం ముందుకు లాక్కున్నాడు. "నిలబడిన చోటు బాగుంది. ఆ టాటా ఒక్కటే తప్పు. సెంటర్లో ఉన్నప్పుడు ఆ చెయ్యి కట్టేసుకోండి." సంతకం పెట్టాడు. "పాస్."

పెద్ద రిఫరీ ఆమె భుజం తట్టబోయి, నీళ్లసీసా తగిలిన బూటు చూసి, "ఇక ఇవి అలవాటు చేసుకోవాలి" అన్నాడు.

వసారాలో గోడకు ఆనుకుని పిచ్చుక ఉంది. కళ్లు వాచిపోయాయి. జట్టు వాన్ ఎక్కడానికి పిలుస్తున్నా కదలడం లేదు.

"నువ్వు నన్ను మోసం చేశావక్కా."

"చేశాను," అంది లెక్కలక్క. "ఇవాళ కాదు. స్కూల్లో, ఆరేళ్లు."

పిల్ల అర్థంకానట్టు చూసింది. తర్వాత ముక్కు తుడుచుకుని, మొండిగా అంది: "అయితే అసలు ఐదంటే ఎంతో చూపించు."

లెక్కలక్క సంచి కింద పెట్టింది. వసారా మధ్యలోకి వచ్చి చెయ్యి ఎత్తింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. దీర్ఘాలు లేవు. పిచ్చుక పెదాలు కదుపుతూ చూసింది.

"ఇంత కొంచెమేనా?" అంది.

"అంతేనమ్మా."

"మళ్లీ ఊపు," అని పిచ్చుక లేని బంతిని రెండు చేతులతో పట్టుకుని గోడ పక్కన నిలబడింది. బయట వాన్ హారన్ మోగుతూనే ఉంది.